మూడు గుంటల వాడ

ఒక రాజు వెలుగుతో ఊరు కట్టించాడు. దీపాలవాడు అన్ని దిక్కుల నుంచీ కిరణాలు పరిచాడు. అవి ఒకదాన్నొకటి దాటిన చోటల్లా ఒక గుంట పడింది. గుంటకొక అణువును దింపారు. పరుగులు తీసేవాళ్ళు చెప్పిన మాట వినరని, ముందే వాళ్ళ ఒంట్లోని వేడంతా తీసేశారు.

రాజు పెట్టిన చట్టం ఒక్కటే. పక్కవాళ్ళు పైకి చూస్తుంటే నువ్వు కిందికి చూడాలి, వాళ్ళు కిందికి చూస్తుంటే నువ్వు పైకి.

నాలుగు మూలల వాడల్లో చట్టం చక్కగా నడిచింది. ఊరు చదరంగం బల్లలా కనిపించింది. రాజు మురిసిపోయి, ఈసారి మూడు మూలల వాడ వేయించాడు.

అందులో ముగ్గురే. అక్క, అన్న, చెల్లి. అక్క పైకి చూసింది. అన్న కిందికి చూశాడు. చెల్లికి ఇద్దరూ పక్కవాళ్ళే.

"అక్కా, నేనెటు చూడను?"

"కిందికి చూడమ్మా."

చూసింది. "అయ్యో, నామీద తప్పు పడుతుందే!" అన్నాడు అన్న. పైకి తిరిగింది. ఇప్పుడు అక్క మీద పడింది.

అక్క ఆలోచించింది. "తప్పు ఒక్కరి నెత్తినే ఎందుకుండాలి? ముగ్గురం పంచుకుందాం. ఎవరమూ ఒకవైపే ఉండిపోవద్దు."

అంత చలిలోనూ ముగ్గురూ కదలసాగారు. ఎవరు పైకో, ఎవరు కిందికో వాళ్ళకే తెలియదు. ఆ ఊరికి వచ్చాక చెల్లి మొదటిసారి నవ్వింది.

రాజుకు కబురందింది. "తప్పు చేస్తున్నదెవరు?"

"మనం చూడనంతసేపూ ముగ్గురూను, ప్రభూ," అన్నాడు దీపాలవాడు.

"అయితే చూపించు."

పెద్ద దీపం వాళ్ళ మీదికి తిరిగింది. వెలుగు తగలగానే ముగ్గురూ ఎటువాళ్ళటు బిగుసుకుపోయారు. అక్క పైకి, అన్న కిందికి, చెల్లి పైకి.

"కావాలని తిరగలేదు, ప్రభూ. మీరు చూసేసరికి ఇలా ఉన్నానంతే," అంది చెల్లి.

"నేనూ పైకే చూస్తున్నాను కదా, నన్ను తీసుకుపోండి," అంది అక్క.

"నువ్వు ముందు నుంచీ ఉన్నదానివి," అన్నాడు రాజు.

చెల్లిని గుంటలోంచి తోసేశారు. చీకట్లో ఎటు పడిపోయిందో ఎవరూ చూడలేదు. చట్టం నెగ్గిందని ఊరంతా చాటించారు. అక్కా అన్నా మళ్ళీ కదల్లేదు, మాట్లాడుకోలేదు.

ఖాళీ గుంట రాజుకు కంట్లో నలుసైంది. ఇంకొకడిని దింపారు. వాడూ తప్పు చేశాడు. వాడి తర్వాత వచ్చినామె కూడా చేసింది.

"ఈ మూలకొచ్చినవాళ్ళంతా ఇలా చెడిపోతారేమిటి?" అని రాజు విసుక్కున్నాడు.

దీపాలవాడు తాను పరిచిన మూడు కిరణాల వంక చూశాడు. ఏదో చెప్పబోయాడు. రాజు తల తిప్పి అతని ముఖంలోకి చూశాడు.

"ఇంతకంటే మంచివాళ్ళను వెతికి తెస్తాను, ప్రభూ," అన్నాడు దీపాలవాడు.