ఈతకోన నార యంత్రం

ఈతకోన అనే అడవిలో దుప్పులు, అడవిపందులు, ఉడతలు, కొండముచ్చులు కలిసి ఉండేవి. వాటన్నిటికీ పెద్ద బూచన్న అనే ఎలుగుబంటి. ఆ పెద్దరికం అతనికి ఎలా వచ్చిందంటారా? అందరికంటే లావుగా ఉండేవాడు, అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు. అంతే.

ఎండాకాలం వస్తే కోనలోని వాగు ఎండిపోయేది. మిగిలేది ఒక్క బావి. ఎప్పుడో మనుషులు తవ్వుకుని, తర్వాత వదిలేసి వెళ్లిన బావి అది. అడుగున చల్లటి నీళ్లుండేవి. కానీ అంత లోతుకు కొండముచ్చులు తప్ప ఎవరూ దిగలేరు, అవీ నీళ్లు పైకి మోసుకురాలేవు. మిగతావాళ్లు రెండు కొండలు దాటి ఏటికి వెళ్లాల్సిందే.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే వేళకు చుక్కి అనే దుప్పి ఈనింది. కూన కాళ్లు ఇంకా సరిగ్గా నిలవడం లేదు.

"దీన్ని కొండలెలా దాటిస్తాను పోలమ్మత్తా? ఇక్కడే ఉంటే దాహంతో చస్తుంది" అని చుక్కి ఒక ముసలి కొండముచ్చు దగ్గర ఏడ్చింది.

పోలమ్మకు చేతులూ ఊరుకోవు, నోరూ ఊరుకోదు. "నువ్వు ఏడిస్తే బావిలో నీళ్లు పైకొస్తాయా? లే, నార ఒలుద్దాం పద" అంది.

పోలమ్మ అడ్డతీగ నారతో పొడుగాటి తాడు పేనింది. ఎండిన సొరబుర్రలను ఉడతలు గుండ్రటి బిళ్లలుగా కొరికి పెట్టాయి. ఆ బిళ్లలను తాడుకు వరసగా గుచ్చి, ఒక్కోదాని కింద ఒక్కో ముడి వేసింది. కణుపులు పొడిచేసిన వెదురు గొట్టాన్ని బావిలోకి దింపి, తాడును అందులోంచి పైకి తీసింది. మనుషులు పారేసిన పాత బండిచక్రం మీదుగా తాడు రెండు కొసలూ కలిపి కట్టింది. చక్రం తిప్పితే తాడు గొట్టంలోంచి పైకొస్తుంది. ఒక్కో బిళ్లా తన పైనున్న నీళ్లను తోసుకుంటూ రావాలి.

అందరూ చూస్తుండగా చక్రం తిప్పింది. గొట్టంలోంచి బొట్లు బొట్లుగా నాలుగు చుక్కలు రాలాయి. బిళ్లలు చిన్నవైపోయి నీళ్లన్నీ పక్కనుంచి జారిపోయాయి.

బూచన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "సొరబుర్రలతో నీళ్లు తోడతావా? పక్క అడవివాళ్లు చూస్తే మన పరువేం కావాలి?" అన్నాడు.

"బిళ్ల కొంచెం పెద్దది చేస్తే సరిపోతుంది. నవ్వడం అయ్యాక పక్కకు జరుగు" అంది పోలమ్మ.

బూచన్న జరగలేదు. పట్నం దారిలో తిరిగే ఒంటెను పిలిపించి, తళతళలాడే ఇనుప యంత్రం తెప్పించాడు. ఒంటె బావి నోటిని ఇనుపరేకుతో మూసి, దాని మీద యంత్రం బిగించింది. కడ్డీ నొక్కగానే నీళ్లు దూకాయి. అడవి అంతా గంతులేసింది. నిజం చెప్పాలి, ఆ రోజు పోలమ్మ కూడా కడుపు నిండా తాగింది.

ఒంటె యంత్రం పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మెడలో కట్టుకుంది. "లోపల ఎవరూ వేలు పెట్టకండి. ఏమైనా అయితే నాకు కబురు చేయండి" అని వెళ్లిపోయింది.

బూచన్న రోజూ ఆ యంత్రాన్ని ఆకులతో తుడిచి, పూలు చుట్టేవాడు. పోలమ్మ మాత్రం వాగులో మిగిలిన గుంట దగ్గర కూర్చుని, బిళ్లలు మార్చి మార్చి చూసుకునేది. పెద్దవి చేస్తే గొట్టంలో ఇరుక్కున్నాయి. అంచులు అరగదీస్తే ఒక రోజు సరిగ్గా కుదిరాయి.

ఎండలు ముదిరాయి. వాగులో గుంట కూడా ఇంకిపోయింది. సరిగ్గా అప్పుడే ఇనుప యంత్రం కీచుమని ఆగిపోయింది.

బూచన్న గువ్వలతో కబురు పంపాడు. ఒంటె రాలేదు. చుక్కి పాలు తగ్గిపోయాయి. కూన తల ఎత్తడం మానేసింది.

"రేకు తీసి పక్కన పెడదాం. నా నార యంత్రం దింపుతాను" అంది పోలమ్మ.

బూచన్న వెళ్లి రేకు మీద కూర్చున్నాడు. "నేనుండగా దీన్ని కదపనివ్వను. ఒంటెను నేనే తీసుకొస్తాను. అంతదాకా ఎవరూ ముట్టుకోవద్దు!" అని హుకుం జారీ చేసి బయలుదేరాడు.

అతను చెట్ల చాటుకు వెళ్లగానే చుక్కి లేచింది. "పెద్దన్న మాట మీద నాకు గౌరవమే. నా బిడ్డ మీద అంతకంటే ప్రేమ" అని రేకు కింద తల పెట్టి నెట్టింది. అడవిపందులు వచ్చి భుజాలు కలిపాయి. తాళం పగలకుండా యంత్రాన్ని ఎత్తి పక్కన పెట్టాయి.

కొండముచ్చులు గొట్టం దింపాయి. పోలమ్మ చక్రం తిప్పింది. నీళ్లు పైకొస్తున్న చప్పుడు వినబడింది. అంతలో తాడు ఫట్‌మని తెగింది.

చుక్కి గొల్లుమంది. "ఇక అయిపోయింది అత్తా!"

"ఏం అయిపోయింది? తెగింది, కడదాం" అంది పోలమ్మ. ఉడతలు నార తెచ్చాయి. పోలమ్మ అందరికీ కనబడేలా ముడి వేసి, మళ్లీ చక్రం తిప్పింది. ఈసారి నీళ్లు ధారగా పడ్డాయి. చుక్కి తన నోటితో కూన నోరు తడిపింది. కూన చప్పరించింది, తర్వాత తల ఎత్తింది. చుక్కి సంతోషం పట్టలేక మళ్లీ ఏడ్చింది. ఈసారి పోలమ్మ కసరకుండా చక్రం తిప్పుతూనే ఉంది.

ఆ రోజే ఒక కట్టుబాటు పెట్టారు. ఈతకోనలో నీళ్లు తాగేవాళ్లంతా ఆ ముడి వేయడం నేర్చుకోవాలి.

ఇక బూచన్న సంగతి. ఎండలో అరికాళ్లు బొబ్బలెక్కేలా నడిచి ఒంటెను పట్టుకున్నాడు.

"ఆ తాళంచెవా? ఎక్కడో పడిపోయింది. అలాంటి యంత్రాలు ఇప్పుడు రావడం లేదు. కొత్తది పెట్టుకోండి" అంది ఒంటె, నెమరు ఆపకుండానే.

 బూచన్న నాలుక వేలాడేసుకుని తిరిగి వచ్చాడు. అడవి ఖాళీ అయిపోయి ఉంటుందని దారి పొడుగునా భయపడ్డాడు. వచ్చి చూస్తే బావి దగ్గర బురదలో దుప్పికూన గెంతుతోంది. సిగ్గుతో దూరంగా నిలబడిపోయాడు.

"ముందు తాగు. తర్వాత ముడి నేర్చుకో" అంది పోలమ్మ.

లావు గోళ్లతో బూచన్న సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు. ఉడతలు నవ్వీ నవ్వీ కొమ్మల మీంచి జారాయి. చివరికి ముడి పడింది. ఆపైన అతను పెద్దరికం అడగలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు.

మరుసటి ఏడు పక్క అడవివాళ్లు వచ్చి, "మాకూ అలాంటి యంత్రం ఒకటి ఇవ్వండి" అన్నారు.

"ఇవ్వం, నేర్పుతాం" అంది పోలమ్మ. నేర్పడానికి బూచన్నను పంపింది. అతను నార చుట్ట భుజాన వేసుకుని హుషారుగా వెళ్లాడు.

అక్కడ ఇనుప యంత్రం కథ విన్న ఒక ముసలి కణుజు జింక అడిగింది: "దీని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది బూచన్నా?"

బూచన్న తాడు కొస దాని ముందు పెట్టాడు. "తాళమే లేదు. ఇదిగో, పట్టుకో. ముందు ముడి నేర్చుకో."

నీతి: మన చేతులతో బాగు చేసుకోగలిగిన పనిముట్టే కష్టకాలంలో మన దాహం తీరుస్తుంది.