సుంకన్న పట్టిన దారం

అనగనగా ఒక కొండ. కొండ మీద ఒక నాయకుడు. నాయకుడికి ఒక కోట కావాలి. ఎప్పటి మాట అంటారా? మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు, మీరూ అడగకండి.

ఆ కోట పనిలో సుంకన్న అని ఒకడు ఉండేవాడు. పెద్ద మేస్త్రీ ముత్యాలప్ప పనిముట్ల సంచి మోయడం అతని పని. నలభై ఏళ్లొచ్చినా వట్టి పిరికివాడు. కుక్క మొరిగితే దారి మార్చేవాడు. ఉరిమితే చెవులు మూసుకునేవాడు. ముత్యాలప్ప దగ్గితే లేచి నిలబడేవాడు.

సంచిలో ముఖ్యమైనవి మూడు. మూల సరిచూసే మూలమట్టం, ఎత్తుపల్లాలు చూసే నీటిమట్టం, గోడ నిలువు చూసేందుకు దారానికి కట్టిన ఇనుప గుండు. పొద్దున్నే ఆ మూడింటినీ కళ్లకద్దుకుని మూడు మాటలు అనడం ఆ పనివాళ్ల ఆచారం.

"మూలమట్టమా, నా నడత వంకరపోనీకు. నీటిమట్టమా, దొరనూ కూలీనీ ఒకే ఎత్తున చూడనియ్యి. గుండూ, ఉన్నది ఉన్నట్టు చెప్పనియ్యి."

మిగతావాళ్లు నోట్లోనే గొణిగేసేవాళ్లు. సుంకన్న మాత్రం ఒక్క మాట మింగకుండా అనేవాడు. పాపం, అతనికి పనిముట్లన్నా భయమే.

ముత్యాలప్పకు పేరు పెరిగింది, పేరుతో పాటే పొగరూ పెరిగింది. "నా కన్నే నాకు గుండు" అని గోడకు దారం వేయడం మానేశాడు. ఎంత పనివాడికైనా అంత పనికిరాదు. గోడ లేచింది. వాన కురిసింది. గోడ కూలింది. మళ్లీ లేచింది. మళ్లీ కురిసింది. ఈసారి సగం కూలి సగం నిలిచింది.

నాయకుడు సోదె చెప్పేవాణ్ణి పిలిపించాడు.

"గోడ ప్రాణం అడుగుతాంది సామీ" అన్నాడు వాడు.

"ఎవురి ప్రాణం?"

"ఏడ్చేవాళ్లు లేని ప్రాణం."

పనివాళ్లకు నీళ్లు మోసే లింగక్క ఒకతి ఉంది. మొగుడు లేడు, బిడ్డలు లేరు, అన్నదమ్ములు లేరు. మూడో నాడు ఆమెను పునాదిలో నిలబెట్టి చుట్టూ రాళ్లు పేర్చాలన్నారు. ముత్యాలప్ప తలూపాడు. తప్పు గోడది అయితే తనది కాదు కదా!

సుంకన్నకు అసలు సంగతి తెలుసు. ఎందుకంటే, అందరూ సద్ది తినడానికి పోయిన వేళ అతను దొంగచాటుగా ఆ సగం గోడకు గుండు వేలాడదీసి చూశాడు. గోడ ముందుకు ఒరిగి ఉంది. దానికి ఆకలీ లేదు, దాహమూ లేదు. ఉన్నదల్లా వంకర.

చెబితే తన తల పోతుంది. చెప్పకుంటే లింగక్క పోతుంది.

మొదటి నాడు ముత్యాలప్ప గుడిసె దాకా పోయాడు. లోపల దగ్గు విన్నాడు. తిరిగొచ్చాడు. రెండో నాడు నాయకుడి వాకిలి దాకా పోయాడు. కావలివాడి ఈటె చూశాడు. తిరిగొచ్చాడు. మూడో నాడు పోవడానికి ఇక చోటు లేదు. డప్పులు మోగాయి. లింగక్కకు పసుపు పూసి, మెడలో వేపమండలు వేసి, చంకన నీళ్లకుండ పెట్టి తీసుకొచ్చారు.

ఆమె సుంకన్న ముందు ఒక్క క్షణం ఆగింది.

"సుంకన్నా, పొద్దున నీకు నీళ్లు పొయ్యలేకపోతిని. వీళ్లు రానీలేదు నాయనా" అంది.

అంతే, సుంకన్నకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే నాయకుడి ముందు పడ్డాడు.

"సామీ, గోడ ప్రాణం అడగలేదు. గోడ వంకర ఉండాది. నేను చూసినా. చూసి మూడు దినాలు నోరు మూసుకుంటిని."

"వాని నాలిక కోయండి!" అని అరిచాడు ముత్యాలప్ప.

నాయకుడు చెయ్యెత్తాడు. "చూపించు. అబద్ధమైతే నిన్నూ ఆమెనూ ఇద్దరినీ పునాదిలో పెడతా."

సుంకన్న గోడెక్కి, అంచున దారం పట్టి గుండు కిందికి వదిలాడు. చెయ్యి గడగడ వణికింది. చేతితో పాటు గుండు అటూ ఇటూ ఊగింది. నిలవదే! జనం నవ్వారు. ముత్యాలప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు. సుంకన్న కళ్లు మూసుకున్నాడు, ఇక అయిపోయిందనుకున్నాడు.

లింగక్క ఏమనుకుందో ఏమో, ముందుకొచ్చి చంకలోని కుండ దించి గుండు కింద పెట్టింది. గుండు నీళ్లలో మునిగింది. ఒకసారి కదిలింది, రెండోసారి కదిలింది, మూడోసారి ఆగిపోయింది. పైన గోడకు ఆనుకున్న దారం కింద జానెడు ఎడంగా నిలిచింది. చంటిబిడ్డకైనా కనబడేంత వంకర.

ముత్యాలప్ప ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

"నువ్వే కట్టు" అన్నాడు నాయకుడు సుంకన్నతో. "మూడు వానాకాలాలు గోడ కిందనే పండుకో. పడితే ముందు నీ మీదనే పడల్ల. నిలిస్తే ఆమెను ఎవురూ ముట్టరు."

సుంకన్న కట్టాడు. ప్రతి వరుసకూ మూడు పనిముట్లూ పెట్టాడు. వానొస్తే గోడ కింద ముడుచుకు పడుకున్నాడు. ధైర్యం వచ్చిందనుకుంటున్నారా? రాలేదు. చిన్న రాయి కదిలినా లేచి కూర్చునేవాడు. లేచి కూర్చునేవాడే గానీ పారిపోలేదు. లింగక్క రోజూ గంజి తెచ్చి, తాగేదాకా పక్కనే కూర్చునేది.

మొదటి వానాకాలం గడిచింది. రెండోది గడిచింది. మూడో వానాకాలం ఆఖరి వాన మూడు రోజులు ఆగకుండా కురిసింది. తెల్లారి లింగక్క వచ్చి చూస్తే సుంకన్న గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేదు. చలికి పోయాడో, భయానికి పోయాడో ఎవరూ చెప్పలేరు. గోడ వెంట్రుకవాసి కదల్లేదు.

లింగక్క తల బాదుకుని ఏడ్చింది. ఆమె తర్వాత చాలా ఏళ్లు బతికింది, ముసలిదై తన చావు తాను చచ్చింది.

ఈనాటికీ ఆ కొండ వైపు గోడ లేపేటప్పుడు గుండు కింద చెంబెడు నీళ్లు పెడతారు. గుండు నిలిచేదాకా ఇల్లుగలాయన కూడా నోరెత్తడు. దారం పట్టినవాడే ముందు మాట్లాడాలి, ఉన్నది ఉన్నట్టు. వాడి చెయ్యి వణికినా ఎవరూ నవ్వరు.