పడకగదిలో చేపల తొట్టి

గండవరం రాజు విజయరామభూపతికి ఒకరోజు ఓ కోరిక పుట్టింది. పొద్దున్నే కళ్ళు తెరవగానే చేపలు కనబడాలి! అంతే, పడకగదిలో సగం మేర పాలరాతి తొట్టి కట్టించి, రంగురంగుల చేపల్ని వదిలించాడు.

మొదటి నెల అందరూ మురిసిపోయారు. రెండో నెలకి గోడలు చెమర్చాయి. పరుపు తడిగుడ్డలా తయారైంది. మూడో నెలలో పొరుగు రాజ్యం రాయబారిని రాజు కౌగిలించుకోబోతే, ఆయన ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. రాజుగారి జరీ అంగరఖా నిండా బూజు!

రాజుగారి బట్టలు చూసేది చెంగమాంబ. ఇరవై ఏళ్ళ కొలువు. ఆమెని పిలిపించి ఒకటే మాటన్నాడు.

"రేపట్నించి రానక్కర్లేదు."

"ప్రభూ, బట్టలు ఎండలో ఆరేశాకే పెట్టెలో పెడుతున్నాను. ఆ పెట్టె ఉన్న మీ పడకగదే చెమ్మగా ఉంది. పదిరోజులు గడువిప్పించండి, ఆ చెమ్మ సంగతి నేను చూస్తాను."

పక్కనే ఉన్న ఆస్థాన మాంత్రికుడు భైరవభట్టు మీసం దువ్వాడు.

"బట్టలు మడతపెట్టినంత తేలికనుకున్నావా చెంగమ్మా? ఇది జలపిశాచం పని. కిటికీల్లోంచి వస్తోంది. అన్నీ మూయించి, గుమ్మానికి నా రాగిరేకు కట్టించాలి ప్రభూ!"

చెరో అయిదు రోజులన్నాడు రాజు. ముందు భట్టు వంతు. కిటికీలు మూసి, రేకు కట్టాడు. అయిదో రోజుకి మంచంకోడు పక్కన పుట్టగొడుగు మొలిచింది.

"పోయేముందు పిశాచం ఇలాగే పెట్రేగుతుంది" అన్నాడు భట్టు, తొణక్కుండా.

చెంగమాంబ తన వంతు రాగానే నీళ్ళు మోసే పోలన్నని అడిగింది. "తొట్టిలో రోజూ ఎన్ని బిందెలు పోస్తున్నావు?"

"ఆరమ్మా. ఎంత పోసినా తెల్లారేసరికి తగ్గిపోతోంది."

తొట్టికి చిల్లు లేదు. చేపలు ఆరు బిందెలు తాగవు. ఇక ఆ నీళ్ళు పోయేది గాల్లోకే, గోడల మీదికే! ఆమె తొట్టి మీద అద్దపు పలకలు మూతగా వేయించింది. చేపలకి గాలాడేలా సన్నని సందు వదిలింది. బయట పొడిగాలి వీస్తోందని ఎదురెదురు కిటికీలు తెరిపించి, మూలమూలలా చెమ్మ పీల్చే బొగ్గుల బుట్టలు పెట్టించింది. అయిదు రోజుల్లో గోడలు ఆరిపోయాయి.

"చూశారా ప్రభూ, నా రేకు ప్రభావం! కాస్త ఆలస్యంగానైనా పనిచేసింది" అన్నాడు భట్టు నిండుసభలో.

రాజు బుర్ర గోక్కున్నాడు. చెంగమాంబ చేతులు జోడించింది.

"అలాగైతే మూత తీసేద్దాం ప్రభూ. కిటికీలు మూసేద్దాం, బొగ్గులు బయట పెడదాం. రేకు గుమ్మానికే ఉంటుంది. భట్టుగారు రేపు పొద్దుట్నించి సాయంత్రం దాకా, వేయించిన అప్పడం చేత్తో పట్టుకుని లోపల కూర్చుంటారు."

"అప్పడం దేనికి?" అన్నాడు రాజు.

"పిశాచం వస్తే అదే చెబుతుంది ప్రభూ."

అంతమంది ముందు కాదనలేక భట్టు ఒప్పుకున్నాడు.

మర్నాడు సాయంత్రం పడకగది తలుపు తీశారు. గంజిపెట్టిన తలపాగా చెవుల మీదికి జారిపోయి, మైనం రాసిన మీసం కిందికి వేలాడుతూ భట్టు బయటికొచ్చి, అప్పడంతో సభకి నడిచాడు.

"విరవండి భట్టుగారూ, సభంతా వినబడాలి!" అంది చెంగమాంబ.

భట్టు వంచాడు. అప్పడం తమలపాకులా మడత పడింది. మళ్ళీ వంచాడు. నాలుగు మడతలైంది గాని, కిక్కురుమనలేదు.

పొద్దుట్నించి సభలోనే ఉంచిన మరో అప్పడాన్ని చెంగమాంబ అందుకుని విరిచింది. ఫట్!

"మ... మళ్ళీ వచ్చింది పిశాచం! నా రేకునే దాటుకుని వచ్చింది!" అని అరిచాడు భట్టు.

చెంగమాంబ నెమ్మదిగా అడిగింది:

"అదేం పిశాచమండీ, మీ మంత్రానికి లొంగక, నా మూతకి లొంగింది?"

సభ గొల్లుమంది. రాజైతే సింహాసనం మీద కూర్చోలేకపోయాడు. కళ్ళు తుడుచుకుంటూ మెళ్ళో ముత్యాలహారం తీసి చెంగమాంబ చేతిలో పెట్టి, పడకగది తాళాలు కూడా ఇచ్చేశాడు. ఆమె విరిచిన అప్పడంలో సగం అడిగి పుచ్చుకుని, భట్టు మొహం చూస్తూ కరకరా నమిలాడు.