మెచ్చినవాడే ముందు ఎక్కాలి

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్నేలే ప్రచండభూపతికి తన తెలివి మీద మహా గురి. పడవలు కట్టడం నేర్పే విద్యాపీఠం ఒకటి పెట్టాడు. చదువు ముగిసేనాడు ఒకరు కట్టిన పడవను తోటి విద్యార్థులే పరీక్షించి తీర్పు చెప్పాలని నియమం చేశాడు.

నియమం మంచిదే. కానీ ఆ ఏడాది విద్యార్థుల్లో రాజుగారి బావమరిది జగ్గరాజు ఉన్నాడు. ఇంకేం! అతని పడవను చూసిన ప్రతివాడూ "అద్భుతం" అన్నాడు. పైడయ్య అనే విద్యార్థి ఒక్కడే, "అడుగుచెక్కల మధ్య సందుంది, నీళ్లొస్తాయి" అన్నాడు.

రాజు మండిపడ్డాడు. "నేనూ చూశాను, దివ్యంగా ఉంది! ఎవరికీ కనబడని సందు నీకే కనబడిందా? ఇది ఒట్టి అసూయ. రేపే పీఠం వదిలి పో!"

పాపం పైడయ్య! ఏళ్ల తరబడి చదివిన చదువు నీళ్లపాలైపోతోంది.

సభలో సూరప్ప అనే విదూషకుడున్నాడు. ఆహా, బుర్రంటే అతనిదే! లేచి చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం ప్రభూ. ముందు జగ్గరాజుగారికి ఉత్సవం చేయొద్దూ? మెచ్చినవాళ్లందరినీ ఆ పడవెక్కించి రేపు ఏరు దాటిద్దాం."

"భేష్!" అన్నాడు రాజు.

మర్నాడు ఒడ్డంతా జనం. పడవ మాత్రం ఖాళీ. ఒకడికి కడుపునొప్పి. ఇంకొకడి జాతకంలో నీటిగండం ఉందట. మరొకడిని వాళ్లమ్మ వద్దందట. జగ్గరాజైతే చెప్పు తెగిందని ఇంటిదారి పట్టాడు.

"తమరూ మెచ్చారుగా ప్రభూ, దయచేయండి" అన్నాడు సూరప్ప.

రాజు మీసం దువ్వుకుంటూ ఎక్కాడు. పడవ నడిపే సరంగు నాలుగు తెడ్లు వేశాడో లేదో, పట్టుపంచె తడిసి ముద్దయింది.

"ఒరే సూరప్పా! మునిగిపోతున్నానురా!"

అక్కడ మొలలోతు నీళ్లేనని సూరప్పకు తెలుసు. ఈత రాని రాజుకేం తెలుసు?

మెచ్చినవాళ్లంతా గుడ్లప్పగించి చూస్తున్నారు. పైడయ్య ఒక్కడే నీళ్లలోకి దూకాడు. మొలలో దోపుకున్న నార తీసి, ఆ సందులో కుక్కి, పడవను ఒడ్డుకు చేర్చాడు.

"నార వెంట తెచ్చావేమిటయ్యా?" రాజు రొప్పుతూ అడిగాడు.

"సందు సంగతి నాకు తెలుసు కదా ప్రభూ. ఎవరెక్కినా మనవాళ్లేగా!"

"అసూయపడేవాడు ఒడ్డున కూర్చుని వినోదం చూస్తాడు ప్రభూ, నార తెచ్చుకోడు" అన్నాడు సూరప్ప మెల్లగా.

రాజు సిగ్గుపడ్డాడు. తన తడిసిన పంచె చూసుకుని ఫక్కున నవ్వేశాడు. అక్కడికక్కడే పైడయ్యకు పట్టా ఇప్పించి, ఇకమీదట పడవను మెచ్చినవాడే ముందు ఎక్కాలని చాటింపు వేయించాడు. సూరప్ప మెడలో తన ముత్యాలహారం వేశాడు.

"రావోయ్, నా సొంత పడవలో నిన్ను ఇంటి దగ్గర దింపుతాను. దివ్యమైన పడవ!"

"చిత్తం ప్రభూ" అన్నాడు సూరప్ప, కాలు కదపకుండా. "దాన్ని మన పైడయ్య చూశాడా?"