పాతరలోకి ముందు దిగిన దీపం

నేల నల్లగా, నీళ్ళు దూరంగా ఉండి, జనమంతా జొన్నసంగటి మీద బతికే ఒకానొక రాజ్యాన్ని చండవిక్రముడనే రాజు ఏలుతుండేవాడు. చెడ్డవాడు కాడు. కాకపోతే తన నోట మాట వెలువడగానే లోకం దానికి తగ్గట్టు సర్దుకుంటుందని నమ్మేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అలా సర్దుకుంటూనే వచ్చారు గనుక తప్పంతా ఆయనదే అనడానికి లేదు.

ఆ రాజు నాగులకొండ మీద కొత్త కోట కట్టించాడు. సింహాసనం కొండెక్కింది, ఏనుగులు కొండెక్కాయి, అంతఃపురం కొండెక్కింది. పాత పట్నంలో మిగిలిందల్లా రాజ్యపు ధాన్యం. అది పాతరల్లో ఉంది. మనిషి పట్టేంత మూతి, లోపల ఇల్లంత వెడల్పు ఉండేటట్టు నేలలో గొయ్యి తవ్వి, గోడల వెంట గడ్డి దట్టించి, జొన్నలు నింపి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తేస్తారు. కరువొస్తే తప్ప ఆ బండ కదలదు. ఆ సీమలో గింజ దాచే పద్ధతి అదే.

రాజు ఒక చోట, గింజ ఒక చోట ఉండడం చండవిక్రముడికి నచ్చలేదు. ధాన్యమంతా నాగులకొండ అడుగుకు తరలించమన్నాడు.

మహామంత్రి విరూపాక్షయ్య ఏర్పాట్లు మొదలుపెట్టాడు. కొత్త పాతరలు తవ్వించి, లోపల మంటలు వేయించి, తడి లేకుండా ఆరబెట్టించాడు. బండ్లు ఏ దారిన పోవాలో, వాగు ఎక్కడ దాటాలో, ఎడ్లకు నీళ్ళెక్కడ పెట్టాలో నిర్ణయించాడు. వానలు దిగేలోగా పని ముగియాలన్నాడు. మేళగాళ్ళు ఏ పక్కన నిలబడాలో కూడా చెప్పాడు. ఆస్థాన జోస్యుడు ముహూర్తం పెట్టాడు. ఆ ముహూర్తానికి బండ తీయాలి, అదే ఘడియలో మొదటి గంప పైకి వచ్చి పట్టపుటేనుగు ఎక్కాలి. ఇంత ముచ్చటైన ఏర్పాటులో ఆ గంప నింపడానికి లోపలికి దిగే మనిషి సంగతి మాత్రం ఎవరూ తలుచుకోలేదు.

అతని పేరు సుంకన్న. పాతర దిగడం వాళ్ళ ఇంటి వృత్తి. ముహూర్తం సంగతి తెలిసి కొలువుకు వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"బండ తీసినాక ఒక దినం పాతరను అట్లే వదిలేయాల సామీ. లోపల గాలి చెడి ఉంటాది. మా యన్న అట్లా తొందరపడి దిగే పోయినాడు" అన్నాడు.

రాజు కోపగించుకోలేదు. అంతకంటే చెడ్డపని చేశాడు, సరిగా వినలేదు. వరి పండే దేశంలో మేనమామల ఇంట పెరిగినవాడాయన. పాతర మూతి ఏనాడూ చూసినవాడు కాడు. "నా ధాన్యం నా మనిషినే చంపుతుందా? ముహూర్తానికి దిగు. దిగకపోతే అది రాజధిక్కారం" అన్నాడు.

రాజధిక్కారానికి శిక్ష ఏమిటో, అది ఒక్క మనిషితో ఆగదనీ అందరికీ తెలుసు. సుంకన్న చెప్పింది నిజమనీ తెలుసు. విరూపాక్షయ్య ఆ నల్లనేలలోనే పుట్టి పెరిగినవాడు. ఆయన ఉత్తరీయం అంచు సర్దుకుంటూ కూర్చున్నాడు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ సభ మీద నాకు కోపం వస్తూనే ఉంటుంది.

ఆ కొలువులో బొప్పన అని ఒకడున్నాడు. రాజును నవ్వించడమే అతని ఉద్యోగం. అతనూ ఆనాడు నోరు మెదపలేదు. అది మనసును తొలిచేస్తుంటే సాయంత్రం సుంకన్న ఇంటికి వెళ్ళాడు. సుంకన్న వాకిట్లో కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. ఊరు విడిచి పారిపొమ్మని బొప్పన మెల్లగా చెప్పి చూశాడు.

"దిగకుంటే కోటోళ్ళు సంపుతారు, దిగితే పాతర సంపుతాది" అన్నాడు సుంకన్న. "పాతరైతే ఇంట్లో వాళ్ళ జోలికి రాదు గదయ్యా."

బొప్పనకు మాటలే తప్ప వేరే ఆస్తి లేదు. వాటినే తిప్పి తిప్పి చూసుకుంటూ ఇంటిదారి పట్టాడు.

మర్నాడు రాజు దగ్గర బొప్పన గాలి ఊసే ఎత్తలేదు. ఏర్పాట్లను తెగ మెచ్చుకున్నాడు. మెచ్చుకుని చివర నిట్టూర్చాడు. ఏమిటని రాజు అడిగాడు.

"ఇల్లు మారేటప్పుడు ముందు దీపం నడుస్తుంది, దాని వెనక యజమాని నడుస్తాడు. ఇప్పుడు ఇల్లు మారేది ధాన్యలక్ష్మి. యజమాని వచ్చి పిలవకుండా కూలివాడు గంపకెత్తి తెస్తే ఆ తల్లి మనస్ఫూర్తిగా వస్తుందా ప్రభూ? పాతరలో తొలి అడుగు తమదైతే బాగుంటుంది."

రాజు ముఖం వెలిగిపోయింది. అలాగే కానిమ్మన్నాడు. పక్కనే ఉన్న విరూపాక్షయ్య ముఖం పాలిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే నిన్న ఎందుకు విప్పలేదో చెప్పుకోవాలి. అందుకని అప్పటికీ ఊరుకున్నాడు.

ముహూర్తం రానే వచ్చింది. ఊరు ఊరంతా పాతర చుట్టూ చేరింది. రాజు కూర్చుని దిగడానికి పట్టుబట్ట చుట్టిన పీట కట్టారు. దాని తాడు పట్టే పని సుంకన్నకు పడింది. బండ తొలగించగానే పులిసిన వాసన గుప్పుమంది.

బొప్పన ఇత్తడి దీపం వెలిగించి సన్నని గొలుసుతో లోపలికి దించాడు. అది మూతి దాటి కొంచెం దిగిందో లేదో, ఎవరో వేళ్ళతో నలిపినట్టు ఆరిపోయింది.

మళ్ళీ వెలిగించమన్నాడు రాజు. మళ్ళీ ఆరింది. నూనె మంచిది కాదన్నాడు. దేవతార్చనలోని నేతిదీపం తెచ్చి దించారు. అదీ ఆరింది. రాజు గొంతు పెంచాడు. "దీపం ఆరకూడదని నా ఆజ్ఞ. ఇంకోసారి దించండి."

"దీపానికి తమ ఆజ్ఞ సంగతి తెలియదు ప్రభూ" అన్నాడు బొప్పన. "తెలిసిన మేమంతా ఆవేళ సభలో నోరు మూసుకున్నాం. ముహూర్తం మించిపోతోంది. దయచేయండి."

జనం చూస్తున్నారు. రాజుకు అనుమానం తగిలింది, కానీ పౌరుషం అడ్డొచ్చింది. పీట మీద కాలు పెట్టాడు. అంతే, విరూపాక్షయ్య వచ్చి ఆ కాలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"వద్దు ప్రభూ. దిగితే ప్రాణం దక్కదు."

"ఈ సంగతి నీకెప్పటినుంచి తెలుసు?"

"చిన్నప్పటినుంచీ" అన్నాడు మంత్రి, తల ఎత్తకుండా.

అప్పుడు బొప్పన, నవ్వించే మనిషి, నవ్వు లేకుండా అన్నాడు. "తమ కాలు పట్టుకోవడానికి మంత్రిగారున్నారు ప్రభూ. సుంకన్న కాలు పట్టుకునేదెవరు?"

రాజు పీట మీంచి కాలు తీశాడు. "మంత్రి రాకపోతే నేను దిగిపోయేవాణ్ణే కదా" అన్నాడు.

"లేదు ప్రభూ. ఆ తాడు ఎవరి చేతిలో ఉందో చూడండి."

రాజు చూశాడు. సుంకన్న తాడు నడుముకు చుట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి నిలబడి ఉన్నాడు. పీట వేలెడు కూడా కిందికి జారలేదు. తాను చావుకు పంపబోయినవాడే తనను చావకుండా పట్టుకున్నాడని రాజుకు అర్థమైంది. అప్పుడు నవ్వాడు. అది తనను చూసి తాను నవ్వుకున్న నవ్వు. దాని చివర కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

జోస్యుడు మెల్లగా ముందుకు వచ్చి, ముహూర్తం తప్పిపోతోందని గుర్తుచేశాడు. "ఇక ముహూర్తం దీపం పెడుతుంది" అన్నాడు రాజు. ఈ రాజ్యంలో ఏ పాతరలోనైనా దీపం ముందు దిగాలని, అది వెలుగుతూ పైకి వస్తేనే మనిషి దిగాలని అక్కడే శాసనం చేశాడు. సుంకన్నకు వాగు పక్క మాన్యం ఇచ్చాడు. తన చేతి కంకణం తీసి బొప్పనకు తొడిగాడు. బొప్పన వద్దనలేదు, అంత అమాయకుడు కాడు.

మర్నాడు దీపం అడుగుదాకా దిగి, వెలుగుతూ పైకి వచ్చింది. సుంకన్న దిగాడు. రాజు గొడుగు కూడా వద్దని పాతర అంచున నిలబడ్డాడు. మొదటి గంప జొన్నలు పైకి రాగానే మేళగాళ్ళు సన్నాయిలు నోట పెట్టారు. రాజు చెయ్యెత్తి ఆపాడు. సుంకన్న తల పాతర మూతిలోంచి బయటికి వచ్చాక, అప్పుడు ఊదమన్నాడు.