రెండు కొమ్మలు, ఒక దూకుడు

ఇప్పలకోన అడవిలో కొండముచ్చులు, వడ్రంగి పిట్టలు, ముళ్ళపందులు, దేవాంగపిల్లులు ఉండేవి. కొండముచ్చుల మందకు గండయ్య పెద్ద. ఆ మందలో ఒక ఆచారం ఉంది. పెద్ద ఏ కొమ్మకు దూకితే మిగతావాళ్ళూ ఆ కొమ్మకే దూకాలి. ఆగి చూడకూడదు. ఎందుకని అడగకూడదు. అడిగినవాళ్ళను పిరికివాళ్ళనేవారు. ఆడవాళ్ళు అడిగితే అంతకంటే పెద్ద పేర్లు పెట్టేవారు.

ముత్యాలి అనే ఆడ కొండముచ్చుకు రెండు నెలల పిల్ల ఉంది. ఒకరోజు గాలివానలో కొమ్మ విరిగి ముత్యాలి కణతకు తగిలింది. తెల్లవారి లేచేసరికి ఆమెకు ఆకాశంలో ఇద్దరు సూర్యులు కనిపించారు. ఒడిలో ఇద్దరు పిల్లలు కనిపించారు. పాలిద్దామని ఒకదాన్ని దగ్గరకు తీసుకోబోతే చేతికి గాలే తగిలింది.

అప్పటికి వేసవి ముదిరింది. వాగు ఎండిపోతోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో మంద గద్దల లోయ దాటి అవతలి అడవికి వెళ్ళాలి. లోయ మీదుగా ఒక్కటే పెద్ద దూకుడు. దూకలేని తల్లి తన పిల్లను దూకగలిగిన ఇంకో ఆడదానికి అప్పగించాలి. పోయినేడు కాలు బెణికిన ఒక తల్లి అలాగే అప్పగించింది. ఆమె లోయ చుట్టూ తిరిగి రెండు నెలలకు అవతలికి చేరింది. అప్పటికి ఆమె పాలు ఎండిపోయాయి. పిల్ల ఆమెను గుర్తుపట్టలేదు.

అందుకే ముత్యాలికి కళ్ళ కంటే పిల్ల దిగులు ఎక్కువైంది.

మంద కూర్చుని ఆమె కళ్ళ గురించి మాట్లాడింది. ఆమెను తప్ప అందరినీ అడిగింది.

"ఆడదానికి ఆలోచనలు ఎక్కువైతే ఇలాగే ఒకటి రెండుగా కనబడుతుంది," అన్నాడు గండయ్య.

"అలాగైతే ఇక్కడ కొందరికి ఒకటి కూడా కనబడకూడదు కదా మామా," అంది ముత్యాలి.

ఆడ కొండముచ్చులు మూతులు తిప్పుకుని నవ్వు ఆపుకున్నాయి. గండయ్య వడ్రంగి పిట్ట వీరన్నకు కబురు పెట్టాడు.

వీరన్న చెట్లకు తొర్రలు తొలిచేవాడు. కళ్ళకు వైద్యం కూడా చేసేవాడు. అతను వచ్చి ముత్యాలి ముఖాన్ని ఒక్క క్షణం చూశాడు.

"కంటిని తిప్పే తాడు సడలింది. ముక్కుతో ఒక్క పోటు పొడిచి బిగిస్తాను. రేపటికి దూకుతావు."

"గురి తప్పితే?"

"నా ముక్కు తప్పదు."

"పొడిపించేసుకో," అన్నాడు గండయ్య. "పెద్దవాళ్ళం చెబుతున్నాం కదా."

"కన్ను నాది మామా. ఒక పూట ఆలోచించుకోనివ్వండి," అంది ముత్యాలి.

ఆమె పిల్లను పొట్టకు కరిపించుకుని, కొమ్మను తడుముకుంటూ కళ్ళ సంగతి బాగా తెలిసిన ముసలి దేవాంగపిల్లి దగ్గరకు వెళ్ళింది. ఆ ముసలమ్మ అడుగు తీసి అడుగు వేయడానికి ఆవులింతంత సేపు పట్టేది. అందుకే అందరూ ఆమెను నిదానమ్మ అనేవారు.

"ఎడమ కన్ను మూయి. పిల్లలెందరు?" అని అడిగింది నిదానమ్మ.

"ఒక్కతే."

"ఇప్పుడు కుడి కన్ను మూయి."

"ఒక్కతే అవ్వా."

"అయితే రెండు కళ్ళూ మంచివే. ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి, అంతే."

"మందేమిటి?"

"మూడు దారులున్నాయి. మోదుగాకుతో ఒక కన్ను మూస్తే రెండు కనబడటం ఇవాళే పోతుంది. కానీ ఒంటికంటికి దూరం తెలియదు. దూకావంటే చస్తావు. రెండో దారి, ఏమీ చేయకుండా ఆగడం. సడలిన తాడు మూడు నెలల్లో తనంతట తాను బిగుసుకోవచ్చు, బిగుసుకోకపోవచ్చు. మూడోది వీరన్న పోటు. కుదిరితే మేలే. మానుతున్న తాడును ఇప్పుడే పొడిస్తే మాత్రం కన్ను వంకరగా నిలిచిపోవచ్చు."

"నువ్వయితే ఏం చేస్తావవ్వా?"

"నేను ఎప్పుడూ దూకను, నాకు పాలు తాగే పిల్లా లేదు. నా జవాబు నీకెందుకు? ఏ దారిలో ఏముందో చెప్పాను. ఎంచుకోవడం నీ పని."

ముత్యాలి ఆ పూటంతా పిల్ల తల నిమురుతూ కూర్చుంది. తర్వాత మోదుగాకును నారతో కంటికి కట్టించుకుని మంద దగ్గరకు వచ్చింది.

"నేను పొడిపించుకోను. దూకను. లోయలోకి దిగి నడిచి ఎక్కుతాను. పిల్లను ఎవరికీ ఇవ్వను."

మంద గగ్గోలు పెట్టింది. నేల మీద నడిచే కొండముచ్చును వాళ్ళు ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

"మందకే తలవంపు," అన్నాడు గండయ్య.

"తల వంచుతాను మామా. పగలగొట్టుకోను."

మర్నాడే ఆమె బయలుదేరింది. చిరుతపులి నిద్రపోయే మిట్టమధ్యాహ్నాల్లో నడిచింది. మిగతా వేళల్లో ముళ్ళపందుల బొరియల పక్కన ఒదిగింది. ఒంటికన్నుతో రాయికీ నీడకూ తేడా తెలియక మొదటి రోజు నాలుగుసార్లు తట్టుకుంది. రెండో రోజు ఒక్కసారే. అలా ఎనిమిదోరోజుకు లోయ అడుగుకు చేరింది.

మంద దూకే రోజు వచ్చింది. గండయ్య కొమ్మ చివర నిలబడి ఛాతీ విరుచుకుని దూకాడు. చేయి చాచి కొమ్మను పట్టుకోబోయాడు. చేతిలో గాలి తప్ప ఏమీ లేదు. అతను లోయ అడుగున పొదల మీద పడ్డాడు. కాలు విరిగింది. వెనక దూకబోయిన కొండముచ్చులు కొమ్మ చివర ఆగిపోయాయి. అవి ఆగి కిందికి చూడటం అదే మొదటిసారి.

చప్పుడు విని ముత్యాలి వచ్చింది.

"కొమ్మ విరిగిందా మామా?"

గండయ్య కాలు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "లేదు. రెండు కనబడ్డాయి. ఇన్నాళ్ళూ కుడివైపుది పట్టుకుంటే సరిపోయేది."

"ఎన్నాళ్ళుగా?"

"పోయిన వానాకాలం నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ముందు నన్నెవరు దూకనిస్తారు?"

ముత్యాలి పైకి చూసింది. ఆ కొమ్మ మీద పిల్లల్ని పొట్టకు కరుచుకున్న తల్లులు పదకొండుమంది ఉన్నారు.

"మీరు ఏ కొమ్మకు దూకితే వాళ్ళూ ఆ కొమ్మకే దూకాలి కదా మామా," అంది.

తల్లులు ఒక్కొక్కరే చెట్టు దిగి లోయలోకి నడిచారు, మిగతా మంద వాళ్ళ వెంట వచ్చింది. కొందరు గండయ్యను మోశారు. ముత్యాలి ముందు నడిచింది. అందరూ లోయ ఎక్కి నీళ్ళున్న చోటికి చేరారు.

మూడు నెలలు గడిచాయి. వానలు పడి వాగు నిండాక మంద ఇప్పలకోనకు తిరిగి వచ్చింది. ఆకు తీసి చూస్తే పిల్ల ఒక్కతిగానే కనిపించింది. బాగా ఎడమకు చూసినప్పుడు మాత్రం ఇంకా రెండు కనబడేవి. ముత్యాలి వీరన్నను పిలిపించింది.

"ఇప్పటిదాకా ఎన్ని కళ్ళు పొడిచావు వీరన్నా?"

అతన్ని ఎవరూ అలా అడగలేదు. మొదట ముక్కు ఎగరేశాడు. తర్వాత మాను మీద టక్కు టక్కుమని లెక్కపెట్టుకున్నాడు. "ఏడు."

"ఎన్ని బాగుపడ్డాయి?"

"నాలుగు," అన్నాడు, గొంతు తగ్గించి.

"నిజం చెప్పావు, సంతోషం. అయితే ఇప్పుడు వద్దు. ఎడమకు చూడాలంటే తల తిప్పుకుంటాను. అది చాలనప్పుడు నీ దగ్గరకే వస్తాను."

ఆ మాటలు విన్న గండయ్య, కుంటుకుంటూ ముత్యాలి పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఆ ముసలమ్మ దగ్గరకు నన్నూ తీసుకెళ్ళు. ఎవరూ లేనప్పుడు వెళదాం."

"అందరూ ఉన్నప్పుడే వెళదాం మామా," అంది ముత్యాలి. "మీ వెనక దూకినవాళ్ళకు తెలియాలి కదా."

 గండయ్య లేచి, ఆమె భుజం మీద చేయి వేసి, మంద మధ్య నుంచే నడిచాడు.

నీతి: చూపు చెదరడం తప్పు కాదు, దాన్ని దాచి నలుగురినీ వెంట దూకించడం తప్పు. వైద్యం గురించి తెలిసినవాళ్ళను అడగాలి, దారి మాత్రం ఆ కళ్ళున్నవాళ్ళే ఎంచుకోవాలి.