తేనె దుప్పటి

కాస్త అటు జరుగు బంగారూ, నా మోకాలు నొక్కుతున్నావు. ఆఁ, ఇప్పుడు బాగుంది. సాయంత్రం మీ అమ్మ ఓవెన్లో కాల్చి, తేనె పూసి పెట్టిన దుంప ముక్కల్ని కంచం అంచుకి తోసేశావు. అమ్మమ్మ చూడలేదనుకున్నావు. అందుకే ఇవాళ రాజుగారి కథ లేదు, దుంపల కథే. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నీ ఊఁ ఆగితే నా కథ ఆగిపోతుంది.

అనగనగా కొండ కింద, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క వరాలుకి పదేళ్ళు. చెల్లి నూకాలుకి నాలుగేళ్ళు. అక్క ఒక చోట నిలిచేది కాదు. చెల్లి అమ్మ ఒళ్ళోంచి దిగేది కాదు.

వాళ్ళమ్మ ఒక వంట చేసేది. ఏటి ఇసకలో పండిన చిలగడదుంప, పాక మీద కాసిన తియ్యగుమ్మడి, పెరట్లో అరటికాయ. మూడూ ముక్కలు కోసి, ఉప్పు, మిరియాల పొడి, కాస్త నువ్వుల నూనె పట్టించి, మట్టి మూకుట్లో పరిచి నిప్పుల మీద పెట్టేది. ఆఖర్న తేనె వేసేది. కొండమీది వాళ్ళు సంతకి తెచ్చే నల్లటి తేనె అది. పప్పన్నంలో ఆ ముక్కలు నంజుకుంటే ఎంత తిన్నామో తెలిసేది కాదు. తిన్నామో కాదు, తిన్నారో. నిద్రమత్తులో మాట జారింది, నువ్వు ఊఁ కొట్టు.

ఆ తర్వాత ఒక వానాకాలం అమ్మకి జ్వరం వచ్చింది. వైద్యుడొచ్చి మందిచ్చాడు. జ్వరం తగ్గలేదు. అమ్మ పోయింది. ఇక్కడ ఊఁ అనక్కర్లేదులే.

అప్పుడు నూకాలు అన్నం మానేసింది. పాలు పోసి కలిపితే తినలేదు. నంజుకి బెల్లం పెడితే తినలేదు. నాన్న భుజాన వేసుకుని వీధంతా తిప్పినా నోరు తెరవలేదు. "అమ్మ దుంపలే కావాలి" అనేది, గోడవైపు తిరిగి పడుకునేది. చేతి గాజులు జారి కింద పడేంత చిక్కిపోయింది. ఒకరోజు నాన్న అరుగు మీద కూర్చుని, తల పట్టుకుని, "ఈ పిల్ల కూడా నాకు దక్కదు కాబోలు" అన్నాడు. ఆ మాట గుమ్మం వెనక నించున్న వరాలు విన్నది.

అప్పుడు వరాలు గూట్లోంచి అమ్మ తేనెసీసా తీసింది. అడుగున కాస్తే ఉంది, చూసి చూసి వాడితే మూడుసార్లకి వస్తుంది. వానలకి కొండదారి తెగిపోయింది, సంతకి మళ్ళీ తేనె ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

మొదటి రోజు వరాలు ముక్కలు కోసి, తేనె ముందే పట్టించి పొయ్యి మీద పెట్టింది. ఏం జరుగుతుంది చెప్పు? తేనె మాడి, ఇల్లంతా చేదు పొగ. నూకాలు ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఊసేసింది. "ఇది అమ్మది కాదు" అంది.

రెండో రోజు ముక్కలు కాల్చి, కంచంలో పెట్టి, చల్లారాక పైనుంచి తేనె పోసింది. తేనె తేనెగానే జారి కంచం అడుక్కి పోయింది, ముక్కలు మాత్రం చప్పగా ఉండిపోయాయి. "ఇదీ అమ్మది కాదు" అంది నూకాలు, మళ్ళీ గోడవైపు తిరిగింది.

వరాలు పెరటి గోడ దగ్గర కూర్చుని ఏడ్చింది. అవతలింట్లో గవరమ్మ పిన్ని తొంగిచూసి, "ఏటే వరాలు, అలగేడుస్తున్నావు?" అంది. వరాలు సంగతంతా చెప్పింది.

అప్పుడు పిన్ని అంది: "మీ యమ్మ పొయ్యి కాడ కూకుని పాట పాడీది గదే. ఆ పాట చెప్పినట్టే వండీది. పాట ఆగీసరికి కమ్మటి వాసన ఈ గోడ దాటొచ్చీసీది. గోడవతల నుంచి నాకు మాటలు తెలిసీవి గావమ్మా. నువ్వే గేపకం తెచ్చుకో."

మూడో రోజు వరాలు ముక్కలన్నీ మూకుట్లో పరిచింది. సీసాలో ఆఖరి తేనె పక్కన పెట్టుకుంది. పొయ్యి ముందు కూర్చుని పాట ఎత్తుకుంది, "దుంపమ్మ దుంపమ్మ పడుకోవే" అని.

ఏంటలా లేచి కూర్చున్నావు? అవును, ఆ పాటే. నిన్ను దుంపమ్మ అంటున్నానని మొన్న అలిగావు కదా, అదే పాట. పడుకో, చెప్తాను.

పాటలో "అటేపు" అని వచ్చినప్పుడు వరాలు ముక్కల్ని అటు తిప్పింది. "ఇటేపు" అని వచ్చినప్పుడు ఇటు తిప్పింది. ఆ తర్వాత పాట రాలేదు. ఎందుకంటే అక్కడికొచ్చేసరికి వరాలు రోజూ తొక్కుడుబిళ్ళాటకి పరిగెత్తేది, వాసన వచ్చాకే ఇంటికొచ్చేది. అమ్మ పాటని ఒక్కరోజైనా చివరిదాకా వినలేదు. నిప్పులు ఎర్రగా మండుతున్నాయి. ఏదైతే అదయిందని తేనెసీసా ఎత్తింది.

ఆగు, నువ్వు చెప్పకు. నీకు తెలుసని నాకు తెలుసు. ఇక్కడ చెప్పాల్సిన మనిషి వేరే ఉంది.

వెనకనుంచి రెండు చిన్న చేతులొచ్చి సీసా పట్టుకున్నాయి. నూకాలు. గోడ దగ్గరనుంచి లేచి, పడుతూ లేస్తూ వచ్చింది. "ఇంకా నిద్దరోలేదక్కా" అంది, నిప్పుల్ని చూపించి. తర్వాత అక్క ఒళ్ళోకి ఎక్కి కూర్చుని, సన్నటి గొంతుతో మిగతా పాట పాడింది. అమ్మ ఒళ్ళో రోజూ చివరిదాకా విన్నది అదొక్కతే కదా.

అప్పుడు అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నిప్పులు నిద్రపోయేదాకా అలాగే కూర్చున్నారు. ఎర్రటి నిప్పుల మీద మెల్లగా తెల్లటి బూడిద వచ్చింది. అప్పుడు తేనె వేశారు. అది మాడలేదు, జారలేదు. వెచ్చటి ముక్కల్ని పట్టుకుని మెరిసింది. అదే వాసన. గోడవతల గవరమ్మ పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుందట.

నూకాలు ఒక ముక్క తిన్నది. అమ్మది అనలేదు, అమ్మది కాదనీ అనలేదు. "ఇంకోటి" అంది. ఆ తర్వాత పప్పన్నం కూడా తిన్నది. అరుగు మీంచి నాన్న లోపలికొచ్చి, తనూ కంచం పెట్టుకున్నాడు.

వరాలెవరో నీకు ఎప్పుడో తెలిసిపోయింది, ఆ నవ్వు ఆపు. నూకాలు మన చిన్నమ్మమ్మ. అది ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం ఎక్కడ కలిసినా ఇవి వండుకునేవాళ్ళం. పాటలో ఆఖరి ముక్క దగ్గర నేను ఆగేదాన్ని, అది పాడేది. రోజూ రాత్రి నేను అక్కడ ఆగిపోతే, అమ్మమ్మ మర్చిపోయిందని నవ్వి నువ్వు అందుకుంటావు చూడు. మర్చిపోలేదమ్మా. అది నా ముక్క కాదు. చిన్నమ్మమ్మది. దాని దగ్గరే నువ్వు నేర్చుకున్నావు. అది నాకు చాలా గుర్తొస్తుంది. ఇప్పుడా ముక్క నీది.

రేపు మీ అమ్మ పెట్టినవి తిని చూడు. ఆ ఓవెను టింగుమంటుంది కానీ పాట పాడదు పాపం. మనం పాడదాం. ఏదీ, కళ్ళు మూసుకో.

దుంపమ్మ దుంపమ్మ పడుకోవే
గుమ్మడి పండూ పడుకోవే
అరటమ్మ అరటమ్మ పడుకోవే
అటేపు కాసేపు పడుకోవే
ఇటేపు కాసేపు పడుకోవే
ఎర్రా నిప్పులు నిద్దరోయె
తెల్లా బూడిద కప్పుకునె

ఊఁ, నీ వంతు.

తేనె దుప్పటి నువు కప్పుకోవే

అదీ. కథేమో కంచికి, మనమేమో మంచానికి. కాళ్ళు ముడుచుకో, దుప్పటి కప్పుతాను.